హోమ్‌లో పెరిగిన అమ్మాయి సర్కస్‌లో చేరొచ్చా? ఝూలా మీద పనిచేసిన మనిషిగా నా సమాధానం

చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. అడిగిన చెల్లికి 17 ఏళ్ళు. అమ్మానాన్నలు లేరు. హైదరాబాద్‌లో ఒక హోమ్‌లో ఉంటోంది. ఆదివారాలు హోమ్‌కి వచ్చే ఒక మేడమ్ దగ్గర ఏరియల్ సిల్క్ నేర్చుకుంది. పైనుంచి వేలాడే పొడవాటి గుడ్డ పట్టుకుని ఎక్కి, కాళ్ళకీ నడుముకీ చుట్టుకుని చేసే విన్యాసాలు అవి. ఊళ్ళోకి వచ్చిన ఒక సర్కస్ మేనేజర్ ఈమె చేసింది చూసి, "మాతో వచ్చేయ్, తిండి, బస, జీతం అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడట. వార్డెన్ ససేమిరా అంటున్నారు. "పైన ఉన్నంతసేపే నేను ఎవరి దయ మీదా లేనట్టు ఉంటుంది అక్కా. వెళ్తే తప్పా? నాలాంటివాళ్ళకి ఇందులో బతుకుందా?" అని అడిగింది.

చెల్లీ, ఇప్పుడు వెళ్ళొద్దు. 18 నిండాక వెళ్ళొచ్చు, అయితే ఆ మనిషి వెంట ఆ మాట మీద మాత్రం కాదు. ఇందులో బతుకుందా అంటే ఉంది. ఎక్కడుందో, ఎంతవరకుందో కింద వివరంగా రాస్తాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదువు.

నేను కూడా అమ్మానాన్నలు లేకుండా పెరిగినదాన్నే. పెద్దమ్మ వాళ్ళింట్లో పెరిగి, అక్కణ్ణించి సర్కస్‌కి వెళ్ళి, ఝూలా మీద ఫ్లయ్యర్‌గా, అంటే కడ్డీ వదిలి గాల్లోకి ఎగిరే మనిషిగా, చేశాను. మా వాళ్ళు ట్రపీజ్‌ని, అంటే ఎత్తున తాళ్ళకి వేలాడుతూ ఊగే కడ్డీని, ఝూలా అనే అంటారు. ఇప్పుడు నగరంలోనే పిల్లలకీ పెద్దలకీ నేర్పిస్తున్నాను. కాబట్టి పైన ఉన్నప్పుడు నీకు అనిపించేది భ్రమ అని నేను అనను. అది నిజమే. స్కూల్లో, బ్యాంకులో, ఆస్పత్రిలో ఏ ఫారం ఇచ్చినా "తండ్రి పేరు" అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది మనకి. ఝూలా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక ఆ గడి ఉండదు. అక్కడ ఎవరైనా అడిగేది ఒక్కటే, టైమింగ్ వచ్చా రాలేదా అని.

ఆ టైమింగ్ సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే నువ్వు ఇప్పటిదాకా సిల్క్ మాత్రమే చేశావు. సిల్క్ మీద నువ్వు ఒక్కదానివే. ఝూలా మీద ఇద్దరు. ఊగే కడ్డీ ఒక వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడానికి పట్టే సమయం తాళ్ళ పొడవుని బట్టి ఉంటుంది, మనిషి బరువుని బట్టి కాదు. నాలుగు మీటర్ల ఊగుకి ఇంచుమించు 4 సెకన్లు. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా అంతే. అవతల నిన్ను పట్టుకునే మనిషి, అంటే క్యాచర్, తలకిందులుగా వేలాడుతూ తన ఊగులో తను ఉంటాడు. ప్లాట్‌ఫారం మీది మనిషి ఆ ఊగు చూసి "హెప్" అంటే నువ్వు బయల్దేరాలి. అరక్షణం ఆలోచించావా, ఆ ఊగు పోయినట్టే. ఊగు చివర, పైన, ఒంట్లో బరువే లేనట్టు ఉండే చిన్న క్షణం ఒకటి వస్తుంది. వదలాల్సింది అక్కడే. పట్టుకోవడం అరచేతులతో కాదు, మణికట్టుని మణికట్టుతో. నీ చెయ్యి చెమటకి జారినా అతని పట్టు ఉంటుంది, అతనిది జారినా నీ పట్టు ఉంటుంది.

నా క్యాచర్ తలశ్శేరి నుంచి వచ్చిన మలయాళీ. మన దేశంలో సర్కస్ అంటే ఆ ఊరే. కీలేరి కుంజికణ్ణన్ అనే గురువు 1901లో అక్కడ చిరక్కరలో సర్కస్ బడి పెట్టారు. తర్వాత దేశమంతా తిరిగిన కంపెనీల్లో ఆర్టిస్టులు ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఆ చేట్టన్ (మలయాళంలో అన్నయ్య) నాకు మొదట ఎగరడం నేర్పలేదు, పడటం నేర్పాడు. జాలీలో, అంటే కింద కట్టిన వలలో, వెల్లకిలా, వీపు మీద, చేతులు దగ్గరికి ముడుచుకుని పడాలి. కాళ్ళ మీద నిలబడదామని చూస్తే చీలమండ పోతుంది, చేతులు కింద ఆనిస్తే మణికట్టు పోతుంది. వారాల తరబడి అదే పని. నాకు అప్పట్లో విసుగ్గా ఉండేది. ఈ ఫ్లయింగ్ ట్రపీజ్‌ని మొట్టమొదట 1859లో పారిస్‌లో జనం ముందు చేసి చూపించిన జూల్ లియోటార్డ్ కూడా నేర్చుకున్నది తన తండ్రి వ్యాయామశాలలో, ఈత కొలను మీద. పడితే నీళ్ళలో పడేలా చూసుకున్నాకే ఎగిరాడు.

ఇంతవరకూ మంచి సంగతే. ఇప్పుడు కింద నేల మీద సంగతి.

నేను పనిచేసిన ఒక కంపెనీలో జీతం నెలనెలా చేతికిచ్చేవాళ్ళు కాదు. "నీ పేరు మీద రాసి పెడుతున్నాం, వెళ్ళేటప్పుడు మొత్తం తీసుకో" అనేవాళ్ళు. అడిగితే "అన్నం పెడుతున్నాం కదమ్మా, నీకు బయట ఎవరున్నారని" అనేవాళ్ళు. ఆ రెండో మాటే అసలు మాట. ఇంటి నుంచి వచ్చిన పిల్ల అలిగి వెళ్ళిపోతే తీసుకెళ్ళడానికి అన్నో బాబాయో వస్తాడని వాళ్ళకి తెలుసు. మనకి ఎవరూ రారని కూడా తెలుసు. అందుకే అనాథ పిల్లలంటే అలాంటి కంపెనీలకి అంత ప్రేమ. ఆ మేనేజర్ నీ ఆట చూసి పిలిచాడా, నీకెవరూ లేరని తెలిసి పిలిచాడా? రెండూ కావచ్చు. నీకు ఎవరున్నారని అతను ఎన్నోసార్లు, ఎన్నో రకాలుగా అడిగాడా? గుర్తు తెచ్చుకో.

నేపాల్ నుంచి ఎంతోమంది ఆడపిల్లల్ని దళారులు ఇలాగే తెచ్చి మన సర్కసుల్లో అప్పజెప్పారు. తల్లిదండ్రుల చేతిలో కొంచెం అడ్వాన్స్ పెట్టి, చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని. ఆ పిల్లల గురించి బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులోనే 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సర్కసుల్లో పిల్లల్ని పనికి పెట్టడాన్ని నిషేధించమని, ఉన్నవాళ్ళని బయటికి తెమ్మని కేంద్రానికి చెప్పింది. 2016లో బాల కార్మిక చట్టం సవరించినప్పుడు 14 ఏళ్ళలోపు పిల్లలు సినిమాల్లో, సీరియళ్ళలో, యాడ్స్‌లో, ఆటల్లో కనిపించడానికి షరతులతో వీలిచ్చారు. అక్కడే సర్కస్‌ని మాత్రం మినహాయించారు. అంటే సినిమావాళ్ళకి దొరికిన వెసులుబాటు కూడా సర్కస్‌కి దొరకలేదు. ఎందుకో ఊహించుకో.

నీది 17 కదా, 14 దాటిపోయింది కదా అంటావేమో. జువెనైల్ జస్టిస్ చట్టం లెక్కలో 18 నిండేవరకూ నువ్వు చైల్డ్‌వే. నిన్ను హోమ్‌లో ఉంచింది బాలల సంక్షేమ సమితి. దాని ఆర్డర్ లేకుండా వార్డెన్ కూడా నిన్ను ఎవరి వెంటా పంపలేరు. పంపితే కేసు వాళ్ళ మీదకే వస్తుంది. వార్డెన్ మీద కోపం పెట్టుకోకు. ఇంకోటి, 18 లోపు నువ్వు చేసిన సంతకంతో ఏ కాంట్రాక్టూ చెల్లదు. చట్టం తెలిసిన మేనేజర్ ఎవడూ నీతో సంతకం చేయించుకోడు. చేయించుకుంటున్నాడంటే నిన్ను భయపెట్టడానికే అనుకో.

అడ్వాన్స్ గురించి వేరేగా చెప్పాలి. 18 దాటాక కూడా ఇది గుర్తుంచుకో. ఎవరైనా ముందు డబ్బు చేతిలో పెట్టి "ఇది తీరేదాకా నువ్వు వెళ్ళడానికి లేదు" అంటే, అది అప్పు కాదు, వెట్టి. 1976 నుంచే మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది. ఆ అప్పు చెల్లదు, దాని పేరు చెప్పి మనిషిని ఆపడం నేరం. కొత్త చెప్పులకని, జ్వరం వచ్చిందని, ఊరెళ్ళాలని చిన్న చిన్నగా ఇచ్చి పుస్తకంలో రాసుకుంటూ పోతారు. ఆ పుస్తకం నీ చేతికి ఎప్పుడూ రాదు.

ఇదంతా చదివి సర్కస్ అంటేనే చెడ్డదనుకోకు. అలా అనుకుంటే నాకు బాధ. నేపాల్ నుంచి వచ్చి అలా నలిగిపోయిన పిల్లల్లో కొందరు బయటపడ్డాక ఏం చేశారో తెలుసా? మళ్ళీ సర్కసే పెట్టుకున్నారు. సర్కస్ కాఠ్మాండూ అని. 2014లో బ్రిటన్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో కూడా ప్రదర్శన ఇచ్చారు. బలవంతంగా నేర్పించిన అదే ఒళ్ళు విరుచుడు, అదే ఊగు. కాకపోతే ఇప్పుడు ఎక్కడ చేయాలి, ఎంతకి చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వాళ్ళ ఇష్టం. కంబోడియాలో బట్టంబాంగ్ అనే ఊళ్ళో ఇంకోటుంది, ఫారె పొన్లూ సెల్పాక్. యుద్ధం వల్ల శరణార్థి శిబిరంలో పెరిగిన కుర్రాళ్ళు తిరిగొచ్చి తమ డ్రాయింగ్ టీచర్‌తో కలిసి 1994లో పెట్టిన బడి. తర్వాత అందులో సర్కస్ కూడా చేర్చారు. ఇప్పుడు సియెమ్ రీప్‌లో వాళ్ళ షో చూడ్డానికి టూరిస్టులు టికెట్ కొనుక్కుని వెళ్తారు. కాబట్టి దిక్కులేని పిల్లలకి ఇందులో బతుకుందా అన్న నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. చూసుకోవాల్సింది ఒక్కటే, నువ్వు కావాలనుకున్న రోజు సంచీ సర్దుకుని బయటికి నడవగలవా? నడవగలిగితే ఎక్కడైనా చెయ్యి. నడవలేకపోతే ఎంత ఎత్తున ఊగినా లాభం లేదు.

మన దేశంలో పెద్ద సర్కసుల పరిస్థితి ఇప్పుడెలా ఉందో కూడా తెలుసుకో. 1951లో మొదలైన జెమిని లాంటి కంపెనీలు మన అమ్మమ్మల కాలంలో ఊళ్ళోకి వస్తే పండగే. 1998లో కేంద్రం పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల్ని ఆడించడం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత కోర్టు తీర్పుతో పిల్లల్ని ఆడించడమూ ఆగింది. పైగా కరోనా. ఇప్పుడు డేరాలో మిగిలింది పెద్దవాళ్ళ విన్యాసాలే. చాలాచోట్ల ఆఫ్రికా నుంచి, మధ్య ఆసియా నుంచి ఆర్టిస్టుల్ని తెచ్చుకుంటున్నారు. దీన్ని నేను ఒక రకంగా మంచి వార్తే అంటాను. పని వచ్చిన పెద్దమనిషి ఇప్పుడు వాళ్ళకి అవసరం. నువ్వు ఖాళీ చేతులతో వెళ్ళి నేర్పించండి అంటే ఒక లెక్క, నేర్చుకుని వెళ్ళి ఇంత ఇస్తేనే చేస్తాను అంటే ఇంకో లెక్క.

మరి నేర్చుకునేది ఎక్కడ? మన ఊళ్ళో సర్కస్ బడి లేదు. అయితే ముక్కలు ముక్కలుగా అన్నీ దొరుకుతాయి. ఎల్‌బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్ ఉంది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన బుద్దా అరుణా రెడ్డి అక్కడ నేర్చుకున్న అమ్మాయే. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన మొదటి భారతీయురాలు. నిజం చెప్పాలంటే 17 ఏళ్ళకి మొదలుపెట్టి పతకాల దారిలో వెళ్ళడం జరగని పని, ఆ ఆశ పెట్టుకోకు. నీకు అక్కడ కావాల్సింది పునాది: చేతుల మీద నిలబడటం, దొర్లడం, దూకి సరిగ్గా దిగడం. మల్లఖంబ్, అంటే గుంజ మీదా తాడు మీదా చేసే మన దేశపు వ్యాయామం, దొరికితే ఇంకా మంచిది. తాడు మల్లఖంబ్‌కీ నీ సిల్క్‌కీ చుట్టరికం ఉంది, పట్లు చాలావరకు అవే. కెనడా వాళ్ళ సర్కస్ కంపెనీ సర్క్ డు సొలేయ్ 2018లో ముంబైలో మొదలుపెట్టిన షోలో మల్లఖంబ్ కూడా పెట్టుకుంది. అసలు గడ ఎక్కి, తాడు మీద నడిచి ఆడేవాళ్ళు మన తెలుగు ఊళ్ళలో వందల ఏళ్ళ నుంచీ ఉన్నారు. ఆ ఆడవాళ్ళని గడసాని అనేవాళ్ళు. వాళ్ళ కులం పేరుని తిట్టుగా వాడుకున్న ఘనత కూడా మనదే.

డబ్బు సంగతికొస్తే, హైదరాబాద్‌లో ఇప్పుడు ఏరియల్ ఆర్టిస్టులకి పని ఎక్కువగా పెళ్ళిళ్ళలో, సంగీత్‌లలో, కంపెనీల ఫంక్షన్లలో. శంషాబాద్, మొయినాబాద్ వైపు రిసార్టుల్లో సీజన్‌లో బాగానే ఉంటుంది, మూఢం వస్తే ఖాళీ. సినిమా ఫైట్లలో డూప్‌గా చేసే ఆడవాళ్ళకి గిరాకీ ఉంది గానీ దానికి యూనియన్ కార్డు కావాలి, ఆ కార్డు అంత సులువుగా రాదు. స్టూడియోల్లో నేర్పించే పని వీటన్నిటికంటే నిలకడగా ఉంటుంది. నా ఇంటి అద్దె కూడా అందులోంచే వస్తోంది. షో పేమెంట్లు సగం ముందు తీసుకోకుండా ఎక్కకు. షో అయిపోయాక ఈవెంట్ వాళ్ళ ఫోను కలవదు, అది అందరికీ అనుభవమే.

ఫంక్షన్ హాళ్ళ గురించి ఇంకో మాట. "మేడమ్, పైన హుక్కు ఉంది, షాండ్లియర్ వేలాడదీస్తాం, చాలా స్ట్రాంగ్" అంటారు. షాండ్లియర్ కదలకుండా ఉంటుంది. నువ్వు చుట్టు విప్పుకుంటూ ఒక్కసారిగా కిందికి జారి ఆగినప్పుడు ఆ హుక్కు మీద పడేది నీ 45 కిలోలు కాదు, దానికి కొన్ని రెట్లు. సిల్క్ కింద జాలీ ఉండదు. దూలానికో, లెక్క కట్టి నిలబెట్టిన ట్రస్‌కో (లోహపు చట్రం) కట్టాలి. కొండలెక్కేవాళ్ళు వాడే ముద్ర ఉన్న కారబినర్ కొక్కెం, గుడ్డ మెలిపడకుండా తిరిగే స్వివెల్ ఉండాలి. ప్రతి షోకి ముందు నువ్వే నిచ్చెన వేసుకుని ఎక్కి చూసుకోవాలి. వేరేవాళ్ళు చూశాం అంటే నమ్మకు. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే కుదరదు. "ఇలా అయితే చెయ్యను" అని చెప్పి వచ్చేసిన ఆర్టిస్టుని తిట్టుకుంటారు గానీ మళ్ళీ పిలుస్తారు.

ఇప్పుడు నేను నేర్పించేటప్పుడు గమనించిన ఒక విషయం. హోమ్స్ నుంచి వచ్చిన పిల్లలు నొప్పి చెప్పరు. ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు చిన్న గీత పడితే ఏడుస్తారు. వీళ్ళు మణికట్టు వాచినా చెయ్యి వెనక దాచుకుని నవ్వుతారు. చెప్తే తన చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని భయం. అరచేతిలో పొక్కు పగిలితే గుడ్డ చుట్టి, దాని మీద చాక్ పౌడర్ రాసుకుని మళ్ళీ ఎక్కుతారు. అందుకే నేను క్లాసు మొదట్లో అందరి చేతులూ తిప్పి చూస్తాను, అడగను. నువ్వు అలాంటిదానివో కాదో నాకు తెలియదు. పొక్కు అయితే ఉప్పునీళ్ళతో కడిగి, వేలాడే తోలు కత్తిరించి, ఆరేదాకా ఆగితే చాలు. మణికట్టు నొప్పి వారం విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించాలి. నీ వయసులో కొందరికి ఎముకల చివర్లు ఇంకా ఎదుగుతూ ఉంటాయి, అక్కడ దెబ్బ ముదిరితే తర్వాత ఇబ్బంది. నొప్పి చెప్పినందుకు నిన్ను పక్కన పెట్టే గురువు దగ్గర నేర్చుకోనవసరం లేదు.

ఈ మిగిలిన కొద్ది నెలల్లో చేయాల్సింది కాగితాల పని. బోర్ కొడుతుంది, అయినా చెయ్యి. 18 నిండగానే రోడ్డు మీద పడేస్తారని టెన్షన్ పడుతున్నావేమో, 21 వరకూ ఆఫ్టర్‌కేర్ అని, హోమ్ నుంచి బయటికొచ్చాక ఇచ్చే సాయం ఉంది, అదే జువెనైల్ జస్టిస్ చట్టంలో. 2022 నాటి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం మార్గదర్శకాల్లో దానికి నెలకి 4,000 రూపాయలు పెట్టారు. దానంతట అది రాదు. వార్డెన్‌తో కలిసి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇప్పుడే అడగాలి. పుట్టిన తేదీ ధ్రువీకరణ, ఆధార్, స్కూల్ సర్టిఫికెట్లు, సంక్షేమ సమితి ఆర్డర్ కాపీ, ఇవన్నీ నీ చేతిలో ఉండాలి. వాటి ఫోటోలు నీ మెయిల్‌లో పెట్టుకో. నీ ఒక్కదాని పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. పదేళ్ళ వయసులోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్ళు ఎవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన హోమ్‌లో పెరిగిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ కిందకి వస్తారు. ఈ సంగతి చాలా హోముల్లో పెద్దవాళ్ళకే తెలియదు. చదువుకి పనికొస్తుంది, అడుగు. ఇంటర్ మాత్రం మానకు. ఝూలా మీద నలభై దాటాక ఎక్కువమంది ఉండరు. ఖాతా తెరిచాక 18 నిండగానే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకో, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదానికి 2 లక్షల వరకు. పెద్దదేం కాదు, అయినా మన పనికి మామూలు కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వడానికి వెనకాడతాయి.

18 దాటాక నిజంగా ఏదైనా డేరాలో చేరాలనుకుంటే, ముందు వెళ్ళి షో చూడు. తర్వాత షో లేని టైములో వెళ్ళి అక్కడి ఆడపిల్లలతో, మేనేజర్ లేనప్పుడు, టీ తాగుతూ మాట్లాడు. ఆధార్ ఎవరి దగ్గరుంది, జీతం ఖాతాలో పడుతుందా, కిందటిసారి ఎవరికి దెబ్బ తగిలింది, ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారు అని అడుగు. వాళ్ళు జవాబు చెప్పేముందు అటూ ఇటూ చూశారంటే బయటికి వచ్చేయ్.

ఆ మేనేజర్ నంబర్ వార్డెన్‌కి ఇవ్వు. గేటు దగ్గరికి వచ్చినా, స్నేహితురాళ్ళ ద్వారా కబురు పంపినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుతారు. ఆదివారం మేడమ్‌కి ఈ సమాధానం చూపించు. ఇంకో సంగతి, హోమ్‌లో నీ సిల్క్ దేనికి కట్టారో నాకు రాయి. ఫ్యాన్ హుక్కుకి అయితే, నేను చెప్పేదాకా దాని మీద ఎక్కకు.